గిట్-అనెక్సు: పెద్దఫైళ్ల సంరక్షణము

2005వ సంవత్సరమున లినస్ టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ అను సాధనము సాఫ్టువేరు మూలపాఠముల మార్పులను క్రమముగా భద్రపఱచుటకై పుట్టినది. ప్రతి ప్రతిలోను పూర్వపాఠములన్నియు నుండుట దాని గుణము. తాళపత్రముల ఛాయాప్రతులవంటి పెద్దఫైళ్లయెడ నా గుణమే భారమైనది. 2010లో జోయీ హెస్ గిట్-అనెక్సు నారంభించి దీనికి మార్గము చూపెను. ఇందు ఫైలు గిట్‌లోఁ జేరదు; దాని నామము మాత్రమే చేరును.

ఆ నామము విచార్యము. శబ్దార్థసంబంధము నిత్యమని మీమాంసకులు, సంకేతకృతమని నైయాయికులు వాదించిరి. ఇచ్చటనో, సాధారణముగా షా-256 అను గణితవిధిచే ఫైలులోని విషయమునుండియే 64 అక్షరముల నామము పుట్టుచున్నది. ఒక్క సున్న మాఱినను నామము మాఱును. కావున మార్చిన పాఠమును పూర్వనామముతో నడుపుట యసాధ్యప్రాయము. మన లేఖకులకు నిట్టి నిర్బంధ మున్నచోఁ బాఠభేదముల తగవులు కొన్ని తప్పియుండెడివి!

ఫైలు స్వయముగా గృహమందలి డిస్కులోనో, అమెజాన్ ఎస్3 వంటి క్లౌడు భాండారమునందో యుండవచ్చును. పరుల భాండారమున నుంచునపుడు జీపీజీచే దానిని గూఢలిపిలోనికి మార్పవచ్చును. అపుడు నామమును మాఱుపేరగును.

గూఢీకరణమున "షేర్డ్" అను పద్ధతియం దాంతరంగికమైన తాళపుచెవి గిట్‌లోనే బాహాటముగా నుండును. గిట్ ప్రతియు భాండారప్రవేశమును గలవాఁ డెవఁడైనను జదువును. "హైబ్రిడ్" పద్ధతియం దా చెవియు స్వామియొక్క జీపీజీ చెవిచే మూయఁబడును. స్వామి దానిఁ బోఁగొట్టుకొనెనేని భాండారమందలి ఫైలు నిరర్థకము. నియతసంఖ్యలో నితరప్రతు లున్నవని తేలనిదే గిట్-అనెక్సు, బలవంతపెట్టినఁ దప్ప, ఏ ప్రతిని తొలగింపదు. ఆ సంఖ్య స్వామి మార్పనంతవఱకు 1 మాత్రమే.