రాచపుండు: పుండు లేని దశ

తెలుగులో క్యాన్సర్‌కు స్థిరపడిన పాత పేరు రాచపుండు. ఇందులోని ‘రాచ’ అనేది ‘రాజు’ శబ్దం సమాసంలో పొందే రూపం కాగా, రాచబాటలో వలెనే ఇక్కడా అది పెద్దదనాన్ని సూచిస్తుంది. కంటికి కనిపించే పుండును బట్టి ఏర్పడిన ఈ పేరు, వ్యాధిని కణస్థాయిలో పరిశోధిస్తున్న నేటి కాలంలో, తొలిదశ రొమ్ము క్యాన్సర్‌కు ఎంతమాత్రం పొసగదు.

పాలనాళాల లోపలి పొరలో క్యాన్సర్ కణాలు పుట్టి, నాళపు గోడను దాటకుండా ఉన్న స్థితిని వైద్యులు ‘డక్టల్ కార్సినోమా ఇన్ సైటు’ అంటారు. ‘ఇన్ సైటు’ అంటే లాటిన్‌లో ఉన్నచోటనే అని అర్థం. దానిని కార్సినోమాకు జతచేసి 1932లో నిర్వచించినవాడు అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ బ్రోడర్స్. ఈ దశలో తరచుగా గడ్డ చేతికి తగలదు; మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, ఇసుక రేణువుల వంటి కాల్షియం చుక్కలు కనిపించినప్పుడు, సూదితో ముక్క తీసి పరీక్షించే బయాప్సీ ద్వారా వ్యాధిని నిర్ధారిస్తారు. చుట్టూ సుమారు 2 మిల్లీమీటర్ల ఆరోగ్యకరమైన కణజాలం వచ్చేలా ఆ భాగాన్ని తొలగించి, చాలామందికి రేడియేషన్ ఇస్తారు. వ్యాధి విస్తారంగా ఉంటే రొమ్మునే తీసివేయవలసి రావచ్చు. క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజెన్ హార్మోన్ గ్రాహకాలున్నవారికి టామాక్సిఫెన్ వంటి మాత్రలు సూచిస్తారు. కీమోథెరపీ సాధారణంగా అవసరపడదు.

ఇంతటి తేడాను మరుగుపరచి, రోగిని అనవసరంగా హడలగొట్టే రాచపుండు అన్న మాటను ఈ దశకు వాడరాదు. ‘ఉన్నచోటి క్యాన్సర్’ అనడమే సరి.