గుండె జబ్బును లెక్కగట్టిన డాక్టరు

మన బడి పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం అడిగినప్పుడు, జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామందే ఉంటారు కదా అని నేను వేరే సంగతి ఎంచుకున్నాను. దానికి కారణం 53 అనే అంకె. 2007లో ‘జామా’ అనే అమెరికన్ వైద్య పత్రిక ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, దక్షిణాసియా వాళ్ళలో తొలి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53 ఏళ్ళు. మిగతా దేశాల వాళ్ళలో అది దాదాపు 59. మా బ్యాచ్ అంతా ఇప్పుడు ఆ 53కు కాస్త అటో ఇటో ఉన్నాం.

ఆ పరిశోధన పత్రం రాసినవారిలో ఒకరు మన తెలుగువాడు, డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి. హైదరాబాద్ ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో గుండె వైద్యంలో డీఎం చేసి, ఆ తర్వాత అక్కడే కార్డియాలజీ విభాగానికి అధిపతి అయ్యారు. దేశంలో ఒక గుండె డాక్టరుకు అంతకన్నా పెద్ద కుర్చీ ఏముంటుంది? ఆయన మాత్రం కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఎపిడెమియాలజీ కూడా చదువుకున్నారు. ఒక జబ్బు ఎవరికి వస్తోంది, ఎక్కడ వస్తోంది, ఎందుకు వస్తోంది అని జనం మొత్తాన్ని పట్టి లెక్కగట్టే శాస్త్రం అది. మా ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే, బాయిలర్ చెడిపోయాక వచ్చి బాగుచేసేవాడు ఒకడు. ఏ బాయిలర్లు, ఎన్నేళ్ళకు, ఏ నీళ్ళు వాడితే చెడిపోతున్నాయో రిజిస్టర్లు తిరగేసేవాడు ఇంకొకడు. రెండోవాడికి సన్మానాలు తక్కువ. ప్లాంటు నడిచేది మాత్రం వాడి వల్లనే.

ఆ రోజుల్లో గుండెపోటు అంటే డబ్బున్నవాళ్ళ జబ్బు అనే అభిప్రాయం బలంగా ఉండేది. మన దేశానికి మలేరియా, క్షయ, విరేచనాలు చాలవా అనేవాళ్ళు. 1998లో శ్రీనాథ్ రెడ్డి, సలీం యూసుఫ్ కలిసి ‘సర్క్యులేషన్’ పత్రికలో రాసిన వ్యాసం దీన్ని ప్రశ్నించింది. గుండె జబ్బుల ఉప్పెన ఇక వర్ధమాన దేశాల మీదికి వస్తోందని హెచ్చరించింది. 2004లో యూసుఫ్ నాయకత్వంలోని ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 52 దేశాల్లో తొలి గుండెపోటు వచ్చిన సుమారు 15,000 మందిని, దాదాపు అంతే మంది జబ్బు లేనివాళ్ళతో పోల్చి చూశారు. పొగాకు, కొవ్వు, బీపీ, షుగరు, పొట్ట, మానసిక ఒత్తిడి, కూరగాయలు పండ్లు తినకపోవడం, వ్యాయామం లేకపోవడం, మద్యం అలవాటు తీరు: ఈ తొమ్మిదే మగవాళ్ళలో 90 శాతం, ఆడవాళ్ళలో 94 శాతం ముప్పుకు లెక్క చెబుతున్నాయి. ఏ ఖండంలోనైనా అవే తొమ్మిది. నేను మొదట ప్రస్తావించిన 53 అంకె కూడా ఇదే అధ్యయనంలోని దక్షిణాసియా వివరాలను విడిగా విశ్లేషించినప్పుడు తేలిందే. మనవాళ్ళలో ఆ తొమ్మిదీ చిన్న వయసులోనే కనిపిస్తున్నాయి, అందుకే గుండెపోటూ ముందుగా వస్తోందన్నది ఆ పత్రం సారాంశం. ‘అంతా మన రక్తంలోనే ఉంది, మనం చేసేదేముంది’ అనేవాళ్ళకు ఇది కొంచెం ఇబ్బంది కలిగించే ఫలితమే.

నాకు బాగా నచ్చిన పరిశోధన ఇంకొకటి ఉంది. గచ్చిబౌలి చౌరస్తా నుంచి పాత బొంబాయి రోడ్డు పట్టుకొని లింగంపల్లి దాటితే రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ వస్తుంది. సైబర్ టవర్స్ రాకముందు ఈ దిక్కున ఉద్యోగం అంటే చాలామందికి అదే. షా ఇబ్రహీం, సంజయ్ కిన్రా, శ్రీనాథ్ రెడ్డి, ప్రభాకరన్ తదితరులు 2005, 2007 మధ్య ‘ఇండియన్ మైగ్రేషన్ స్టడీ’ చేసిన నాలుగు కర్మాగారాల్లో అదొకటి. మిగతావి లక్నో, నాగపూర్, బెంగళూరుల్లో ఉన్నాయి. ఊరి నుంచి వచ్చి ఫ్యాక్టరీలో చేరిన మనిషిని పరీక్షించి, ఊళ్ళోనే ఉండిపోయిన అతని అన్ననో తమ్ముణ్ణో కూడా పిలిపించి పరీక్షించారు. ఆడవాళ్ళయితే అక్కాచెల్లెళ్ళను. ఒకే తల్లి, ఒకే తండ్రి, పెరిగింది ఒకే ఇంట్లో. మారింది బతికే చోటు ఒక్కటే. ఇంత శుభ్రమైన ప్రయోగం మా ల్యాబుల్లో కూడా అరుదు.

2010లో ఫలితాలు వచ్చాయి. మగవాళ్ళలో స్థూలకాయం పల్లెల్లో 19 శాతం ఉంటే, వలస వచ్చినవాళ్ళలో దాదాపు 38 శాతం, మొదటినుంచీ పట్నంలో ఉన్నవాళ్ళలో 42 శాతం. మధుమేహం పల్లెల్లో 6 శాతం, వలస వచ్చినవాళ్ళలో 14 శాతం. షుగరు విషయంలో వలస వచ్చినవాళ్ళు పట్నంవాళ్ళతో సమానమైపోయారన్నమాట.

పల్లె మాత్రం చల్లగా ఉందా? 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో ఏడాదిపాటు జరిగిన ప్రతి మరణానికీ కారణం వెతికారు. ఇంటింటికీ వెళ్ళి కుటుంబసభ్యులను అడిగి, లక్షణాలను బట్టి డాక్టర్లు నిర్ధారించారు. మొత్తం 1,354 మరణాలు. అందులో గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల పోయినవాళ్ళు 32 శాతం. రోహిణా జోషి ముందుండి రాసిన ఆ పత్రంలోనూ శ్రీనాథ్ రెడ్డి పేరుంది. దేశంలోని పది పారిశ్రామిక కేంద్రాల ఉద్యోగులు, వాళ్ళ కుటుంబాల మీద ఆయన బృందం చేసిన మరో అధ్యయనం 2007లో వచ్చింది. పొగాకు, బీపీ తక్కువ చదువుకున్నవాళ్ళలోనే ఎక్కువని అందులో తేలింది. డబ్బున్నవాళ్ళ జబ్బు అన్నమాట అక్కడితో చెల్లిపోయింది.

పొగాకు దగ్గర కాస్త ఆగాలి. పొగాకు బోర్డు గుంటూరులో ఉంది, పొగాకు పరిశోధన సంస్థ రాజమండ్రిలో ఉంది, చార్మినార్ సిగరెట్టు మన హైదరాబాద్‌లోనే పుట్టింది. ఆ నేల నుంచి వెళ్ళిన మనిషికే పొగాకు నియంత్రణలో నాయకత్వానికి 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ పురస్కారం వచ్చింది. ఆ మరుసటి ఏడు కేంద్ర ఆరోగ్యశాఖ తెచ్చిన పొగాకు నియంత్రణ నివేదికకు ప్రకాశ్ గుప్తాతో కలిసి ఆయనే సంపాదకుడు. బడి సంచిక కాబట్టి ఇంకో ముక్క చెప్పాలి. ఢిల్లీ, చెన్నై నగరాల్లోని 32 బడుల్లో ఆయన బృందం ఆరు, ఎనిమిది తరగతుల పిల్లలను అడిగితే, ఎనిమిదో తరగతి కన్నా ఆరో తరగతిలోనే పొగాకు వాడకం రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ కనిపించింది! రెండేళ్ళపాటు సగం బడుల్లో పాఠాలు, ఆటలు, తోటిపిల్లల నాయకత్వంలో చర్చలు నడిపించారు. ఆ బడుల్లో వాడకం 17 శాతం తగ్గింది, మిగతా సగంలో 68 శాతం పెరిగింది. పదకొండేళ్ళ పిల్లలు! మన బడి గేటు ఎదుట ఇప్పుడు ఏమేం అమ్ముతున్నారో సంఘం ఒకసారి చూస్తే బాగుంటుంది.

2005లో పద్మభూషణ్, ఆ తర్వాత హార్వర్డ్‌లో విజిటింగ్ ప్రొఫెసర్, ప్రపంచ హృదయ సమాఖ్య అధ్యక్ష పదవి. వీటి జాబితా పెంచను. 2006లో ఎయిమ్స్ కుర్చీ వదిలి పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా బాధ్యత తీసుకోవడమే నాకు పెద్ద సంగతిగా తోస్తుంది. దాని కింద 2008లో మొదలైన హైదరాబాద్ ప్రజారోగ్య సంస్థ కొన్నేళ్ళు మాదాపూర్ కావూరి హిల్స్‌లోనే నడిచింది. ఆ బోర్డు ముందు నుంచి ఎంతమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు క్యాబుల్లో వెళ్ళి ఉంటారో! ఆసుపత్రి కడితే రిబ్బన్ కత్తిరిస్తారు, రాని గుండెపోటుకు ఎవరు కత్తిరిస్తారు?

ఆయన ఎప్పుడూ చెప్పేది ఒక్కొక్కరి మనోబలం గురించి కాదు. పొగాకు మీద పన్ను, తిండిలో ఉప్పు, నడవడానికి దారి, ఇలాంటి వాటిని ప్రభుత్వాలే సరిదిద్దాలని. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ కప్పుతో సైకిల్ ట్రాక్ వచ్చింది, సంతోషమే. కానీ బయోడైవర్సిటీ జంక్షన్ నుంచి ఆఫీసుకు నడిచి వెళ్ళి చూడండి, ఫుట్‌పాత్ ఎక్కడ మొదలై ఎక్కడ మాయమవుతుందో.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. గుండె జబ్బుకు ఇది దగ్గరి చుట్టమే. రెండు సంస్థలూ గచ్చిబౌలిలోవే. అయితే ఇందులో బీహెచ్ఈఎల్ పద్ధతి లేదు. ఊళ్ళోని అన్నదమ్ములను పిలవలేదు.

మా తమ్ముడు, మనలో చాలామందికి తెలిసినవాడే, ఊళ్ళోనే వ్యవసాయం చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి బీపీ మిషన్ పట్టుకెళ్ళాను. నాకు 138/86 చూపించింది. ‘నాకెందుకన్నా, పొలం పనిచేసేవాణ్ణి’ అంటూనే చెయ్యి చాపాడు. వాడిది 152/94. ఇంటి నుంచి పొలానికి కిలోమీటరున్నర. బండి మీదే వెళ్తాడు.