ముడుపును లెక్కయు

విశాఖపట్టణమునకు ఉత్తరమున, భీమునిపట్టణమునకు దారి చీలుచోట ఆనందపురమున్నది. అచటి పూల బజారు ఆ ప్రాంతమున ప్రసిద్ధమైనది. బంతి, చేమంతి, కనకాంబరములు గంపలతో వచ్చి దిగును. ఆ పూలలో కొన్ని సింహాద్రి యప్పన్న కొండకు బోవును; కొన్ని పల్లెగుడులకు, కొన్ని ఆదివారపు ప్రార్థనమందిరములకు బోవును. ఏ పువ్వెచటికి బోవునో అమ్మువా రడుగరు. కొనినవారు మాత్రము అది దేవుని చేరెననియే నమ్ముదురు.

ఆ ప్రాంతపు క్రైస్తవకుటుంబ మొకటి నాకు పరిచితము. ఆ యింటి పెద్దమ్మ అన్నము వండునపుడెల్ల ఎసటిలో బోయుటకు ముందు పిడికెడు బియ్యము వేఱుగా దీసి కుండలో నుంచి, ఆదివారమున మందిరమునకు గొనిపోవును. తెలుగు సంఘములలో నిది చిరకాలపు టాచారము. కొన్ని యేండ్ల క్రిందట ఆ సంఘమున మందిరనిర్మాణమునకై కూడబెట్టిన సొమ్ము పెద్దలచేతిలో కరగిపోయినదని తేలెను. కొందఱు సంఘమును విడిచిరి. కొందఱు ప్రార్థననే విడిచిరి. కొందఱు "దైవసేవకుని తప్పెన్నరా"దని నోరు మూసికొనిరి. ఆ పెద్దమ్మ నన్నడిగిన దొక్కటే: "బాబూ, ఇన్నాళ్లూ నేను తీసిన పిడికెడు బియ్యం దేవుడికి ముట్టినట్టా, ముట్టనట్టా?"

అప్పుడు నేను సరియైన యుత్తరము చెప్పలేకపోతిని. పిదప నాలోచింపగా నిట్టి ప్రశ్నకు మన తెలుగుదేశపు చరిత్రయే కొంత సమాధానము చెప్పుచున్నదని తోచినది. అందు మొదటిది తిరుపతి కథ. మతము వేఱైనను ముడుపు గట్టిన చేతి దుఃఖ మొక్కటియే.

తిరుమలలోని హాథీరాంజీ మఠమునకు మూలపురుషుడు ఉత్తరదేశమునుండి వచ్చిన యొక విరాగి. ఆయన స్వామితో పాచిక లాడెడివాడని భక్తులు చెప్పుకొందురు. ఒక రాత్రి స్వామి యాట ముగించి పోవుచు తన కంఠహారమును బావాజీ పాకలో మఱచెనట. తెల్లవాఱి హారము కానరాక, వెదకి, అది బావాజీయొద్ద నుండుట జూచి యాయనపై దొంగతనము మోపిరి. గదినిండ చెఱకు నింపి, యందాయనను బంధించి, తెల్లవాఱులోపల దానినంతయు దినినచో నిర్దోషివని పలికిరి. ఆ రాత్రి స్వామియే యేనుగురూపమున వచ్చి చెఱకంతయు దినిపోయెనని కథ. ఇది చరిత్ర గాదు, ఐతిహ్యము. కాని యిందొక విశేషమున్నది. దేవుని సొమ్మునుగూర్చి సందేహము కలిగినపుడు ఆ సాధువు "నన్నడుగుటకు మీరెవ్వ"రనలేదు, పరీక్షకు లోనయ్యెను. ఆ మఠమునకు తరువాత నేమి జరిగినదో చెప్పబోవుచున్నాను గనుక ఈ మాటను చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక.

1801లో కర్ణాటకరాజ్యము ఈస్టిండియా కంపెనీవారి వశమైనపుడు తిరుమల యాలయవ్యవహారమును వారి యధికారుల క్రిందికి వచ్చెను. 1817 నాటి మదరాసు రెగ్యులేషను దేవస్థానములపై విచారణాధికారమును రెవిన్యూ బోర్డున కొసగెను. 1821లో బ్రూస్ అను నధికారి తిరుమలకై నలువదిరెండు నిబంధనలుగల కోడు నొకదానిని గూర్చెను. ఆ యధికారులకు స్వామియందు భక్తి లేదు. కాని ఆదాయవ్యయములకు పద్దులుండెను. ఒకరు వ్రాసినదానిని మఱియొకరు చూచెడివారు.

అంతలో ఇంగ్లాండులోని క్రైస్తవమతప్రచారకులు, క్రైస్తవప్రభుత్వము విగ్రహారాధనతో సంబంధము పెట్టుకొనుట పాపమని గొప్ప యాందోళనము చేసిరి. కంపెనీవారు దానికి లోబడి యాలయములనుండి క్రమముగ చేయి తీసికొనిరి. 1843లో తిరుమల విచారణకర్తృత్వము హాథీరాంజీ మఠపు మహంతైన సేవాదాసున కప్పగింపబడెను. దొరలు పోయి సాధువులు వచ్చినందుకు భక్తులు సంతోషింపదగినదే. కాని దొరలతోకూడ పైవిచారణయు పోయినది. లెక్క వ్రాయువాడును, చూచువాడును, సరియే యని చేవ్రాలు చేయువాడును ఒక్కడే యయ్యెను.

పంతొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున భగవాన్‌దాసను మహంతు కాలమున దాని ఫలము బయలుపడెను. ధ్వజస్తంభముక్రింద నిక్షేపింపవలసిన బంగారునాణెములకు మాఱుగా రాగినాణెములుంచి బంగారము నపహరించెనను నేరము న్యాయస్థానమున రుజువై మహంతు శిక్షితుడయ్యెను. యాత్రికుడు కొండయెక్కి ధ్వజస్తంభమునకు మ్రొక్కినపుడు ఆ మ్రొక్కుక్రింద నున్నది రాగి. ఇంతకంటె మనస్సును గ్రుచ్చు దృశ్యము వేఱొకటి యుండునా?

అయినను ఆ రాగికి మ్రొక్కినవాని మ్రొక్కు రాగియైనదా? కాలేదు. యాత్రికులు కొండ యెక్కుట మానలేదు. మానకపోవుటయే కాక, కొందఱు న్యాయస్థానపు మెట్లనుగూడ నెక్కిరి. 1863 నాటి యిరువదవ చట్టముచే ప్రభుత్వము దేవస్థానములనుండి తొలగినను, ఆలయముతో సంబంధముగల యెవ్వరైనను ధర్మకర్తపై దావా వేయవచ్చునను హక్కును మాత్రము మిగిల్చెను. తిరుపతి వ్యవహారము క్రిందికోర్టునుండి ప్రివీ కౌన్సిలు వఱకు నడచి, 1907లో ఆలయపరిపాలనకొక ప్రణాళిక స్థిరపడెను. అందు మహంతునకెదురు నిలిచినవారు నాస్తికులు గారు. తిరుమలవారే, స్వామిని గొలుచువారే. దేవునియందు విశ్వాసము లేనివాడు దేవుని సొమ్మునకై యిన్నియేండ్లు వ్యాజ్యమాడునా?

తరువాతి మార్పు చట్టసభలో జరిగినది. తెలుగువాడైన పానగల్లు రాజా మదరాసు రాజధానికి ముఖ్యమంత్రిగా నుండి దేవాదాయ ధర్మాదాయ బిల్లును దెచ్చెను. మతమునందు చేయి పెట్టుచున్నాడని ఆయనను దూషించినవా రెందఱో. అది 1925లో చట్టమై, 1927లో మరల నిర్మింపబడెను. తిరుపతికి ప్రత్యేకచట్టము వచ్చి 1933లో దేవస్థానము కమిటీక్రిందికి వచ్చెను. 1843 మొదలు 1933 వఱకు తొంబది సంవత్సరములు. ఒక్క మఠము లెక్క చెప్పునట్లు చేయుటకు మూడు తరములు పట్టినవి. చట్టము వచ్చినంతమాత్రమున హిందూ దేవాలయములలో నక్రమము లంతరించెనని నేననను. ఇపుడడుగుట కొక తావున్నది, అదియే లాభము.

ఇక క్రైస్తవసంఘముమాట. ఆ పెద్దమ్మకు తన గ్రంథములోనే యీ కథ యున్నది. యేసు ఎన్నుకొన్న పన్నెండుగురిలో డబ్బుసంచి మోయువాడు యూదా. అతడందులోనిది తీసికొనుచుండెడివాడని యోహాను సువార్త దాపరికములేక వ్రాసినది. అయినను తక్కిన శిష్యులు గురువును విడువలేదు. దొంగ యుండెనను మాటను గ్రంథమునుండి తుడిచివేయను లేదు. యెరూషలేములోని బీదలకై చందాలు పోగుచేసిన పౌలు ఆ సొమ్మును తానొక్కడే గొనిపోవుట కిష్టపడక, సంఘములవా రెన్నుకొన్నవారిని వెంట గొనిపోయెను. దేవునియెదుట మాత్రమేకాక మనుష్యులయెదుటను మచ్చలేకుండవలెనని యాయన యభిప్రాయము. పౌలంతవాడు సాక్షులను గోరినపుడు, సాక్షి యవమానమను పెద్దను మనమేమనవలెను?

నాలుగవ శతాబ్దిలో ఉత్తరాఫ్రికా సంఘములలో నొక పెద్దతగవు పుట్టెను. హింసాకాలమున భయపడి పవిత్రగ్రంథముల నధికారుల కప్పగించిన గురువులుండిరి. అట్టి పతితులచేతి బాప్తిస్మము చెల్లదని డొనాటసు పక్షమువారు వేఱుపడిరి. హిప్పో పట్టణపు బిషప్పైన అగస్టీను దానిని ఖండించెను. బాప్తిస్మము గురువుది గాదు, క్రీస్తుది. ఱాతికాలువలో పాఱిన నీరైనను తోటను పండించునని ఆయన వాదము. 411లో కార్తేజిలో జరిగిన మహాసభలో ఆ పక్షమే గెలిచినది. కోట్లకొలది విశ్వాసుల కిది గొప్ప యూఱట. తమ బిడ్డ కెవడు బాప్తిస్మమిచ్చెనో, వాడు తరువాత నెట్టివాడని తేలెనో యని తల్లి భయపడ నక్కఱలేదు.

కాని యీ సూత్రమునే దొంగ తన దుప్పటిగా గప్పుకొనును. "నేనెట్టివాడనైనను నాచేత దైవకార్యము జరుగుచున్నది గదా" అనును. ఇచట జాగ్రత్త వలయును. గురువుచేతిగుండ రెండు వచ్చును, పోవును. ఒకటి దైవానుగ్రహము, అది యాతడు పాడుచేయలేనిది. రెండవది సొమ్ము, అది యాతడు నిశ్చయముగ పాడుచేయగలడు. మొదటిదానికి విశ్వాసము చాలును. రెండవదానికి పద్దుపుస్తకము వలయును. మొదటిదానిని జూపి రెండవదాని నడుగవద్దనుట మోసము. రెండవది పోయెనని మొదటిదానిని వదలుకొనుట నష్టము.

జర్మనీలో మెయింజు ఆర్చిబిషప్పైన ఆల్బర్టు తన పదవికై ఫుగ్గరు వర్తకులయొద్ద అప్పుచేసి, దానిని దీర్చుటకై పాపపరిహారపత్రములను విక్రయింప జేసెను. వచ్చినదానిలో సగము రోమునగరపు మందిరమునకు, సగ మప్పునకు. పత్రము కొన్న పేదవాని కీ సంగతి తెలియదు. 1517లో లూథరు తొంబదియైదు వాక్యములు వ్రాసినది ఆ విక్రయముపైననే. ఆయన కడకు రోము సంఘమునకు వెలియయ్యెను. అదే కాలమున ఎరాస్మస్ అను పండితుడు గురువుల దురాశను ఎగతాళి చేయుచునే ఆ సంఘములో నిలిచి 1536లో మరణించెను. ఒకడు వెలుపలనుండెను, ఒకడు లోపలనుండెను. విశ్వాసమును మాత్రము ఇరువురును విడువలేదు. కావున సంఘమును వీడుటయా, నిలుచుటయా యను ప్రశ్నకు అందఱకు నొక్కటే యుత్తరము లేదు. మాటాడకుండుట మాత్రము ఇరువురి మార్గమును గాదు.

మన విశాఖపట్టణమునకు 1805లో లండను మిషను పక్షమున క్రాన్, డెగ్రాంజెస్ అను నిరువురు వచ్చి సువార్తలను తెనిగింప నారంభించిరి. ఆనందరాయరను బ్రాహ్మణక్రైస్తవుడు వారికి తోడ్పడెను. 1810 ముగియునప్పటికి దొరలిరువురును మరణించిరి. వారు వెనుక విడిచినది మందిరముల యాస్తిగాదు, తెలుగుమాట. తరువాతి శతాబ్దమున, 1912లో, దోర్నకల్లునకు బిషప్పైన అజరయ్య భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు. పేదపల్లెల సంఘములు విదేశధనముపై నాధారపడక తమ కానుకలతో తామే నిలువవలెనని యాయన బోధించెను. క్రైస్తవదానమునుగూర్చి గ్రంథమును వ్రాసెను. పేదవాని కానుకకు గౌరవ మిచ్చుటనగా దానిని దీసికొనుట మాత్రమే గాదు, అదేమైనదో వానికి జెప్పుట.

1947 సెప్టెంబరు 27వ తేదిని దక్షిణ ఇండియా సంఘ మేర్పడినది. నేడు ప్రొటెస్టంటు సంఘముల యాస్తులు సాధారణముగ రిజిస్టరైన సొసైటీల, ట్రస్టుల, కంపెనీల పేర నుండును. దేవాదాయశాఖవంటి ప్రభుత్వశాఖ క్రైస్తవసంఘములపై లేదు. కొన్ని స్వతంత్రసంఘములలో మందిరము, స్థలము, బ్యాంకు పుస్తకము ఒక్క కుటుంబముచేతిలోనే యుండును. అనగా 1843 తరువాతి తిరుపతివలె నున్నవన్నమాట. పైవిచారణ లేనిచోట మంచివాడును పరీక్షింపబడును, చెడ్డవాడును పరీక్షింపబడును. ఇరువురు నొక్కతీరుననే నెగ్గుదురని తలచుట అమాయకత.

ఇందుకు మనలోనే మంచి యుదాహరణ మున్నది. కందుకూరి వీరేశలింగముపంతులుగారు తమ వివేకవర్ధనిలో నక్రమపరులను నిర్భయముగ బయటబెట్టిరి. తమ సొత్తు ధర్మమున కీయదలచినపుడు "నా మంచితనమే చాలు"నని యూరకుండక, 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి దానిపరము చేసిరి. ఇతరులను లెక్క యడిగినవాడు తానును లెక్కకు లోబడవలెనని యాయన యెఱుగును.

కొన్నాళ్లకు ఆ పెద్దమ్మతో నే నిట్లంటిని: "అమ్మా, నీ పిడికిలి దేవుని ముట్టినది, దానిని దోచుట యెవ్వనివశమును గాదు. నీ బియ్యము మాత్రము ముట్టవలసినవారికి ముట్టలేదు. అది దేవుని తప్పు గాదు, అడుగకుండుట మనతప్పు." ఆమె కొంతసేప టూరకుండి, "అయితే అడిగేదాన్నే, నాకు చదువు రాదు కదా బాబూ" అనెను. ఆమె మనుమరాలికి చదువు వచ్చును. ఆ సంఘమున కొత్తగా పెద్దలను ఎన్నుకొన్న సంవత్సరమున ఆ పిల్ల సర్వసభలో లేచి, జమాఖర్చులు బిగ్గరగా చదువుమని కోరినది. ముందు కొందఱు గదమాయించిరి. తరువాత చదివిరి. అందుకు గంటసేపు పట్టినది.

సోదరీసోదరులారా, మీ గుడిలోను, మీ మందిరములోను, మీ మఠములోను సాలీనా లెక్క చదువుట జరుగుచున్నదా? జరుగనిచో వచ్చు సభలో నడుగుడు. కోపముతో గాదు, పూజకు పువ్వు తెచ్చినంత శ్రద్ధతో అడుగుడు. ఆ పెద్దమ్మ యిప్పటికిని ఎసటికి ముందు పిడికెడు బియ్యము వేఱుగా తీయుచున్నది.