ఆదాయపు పన్ను: రాజ్యాంగము గీసిన హద్దు

పటాన్‌చెరు కర్మాగారమున పనిచేయు కుమారుని జీతము పరిమితిని మించినచో ఆదాయపు పన్ను పడును. సంగారెడ్డి చెంత తండ్రి పండించు వరిపై ఆ పన్ను లేదు. ఈ భేదము చరిత్రనుండి వచ్చినది.

అమెరికాలో 1895లో అత్యున్నత న్యాయస్థానము ఆదాయపు పన్నును కొట్టివేసెను. 1913లో రాజ్యాంగమును సవరించిన పిమ్మటనే అది నిలిచెను. మనదేశమున 1860లో జేమ్స్ విల్సన్ ఈ పన్నును ప్రవేశపెట్టెను. భూమిశిస్తు భారము అదివఱకే మోయుచున్న సేద్యపుటాదాయమును 1886 నాటి చట్టము మినహాయించెను. 1935 నాటి చట్టము దానిపై పన్ను వేయు అధికారమును రాష్ట్రములకు విడిచెను. 1950 జనవరి 26న అమలైన రాజ్యాంగము ఆ హద్దునే నిలిపి, తక్కిన ఆదాయములపై పన్నును కేంద్రమునకు ఒసగెను.

పూర్వము నిజాము రాజ్యములోనిదైన మన సీమకు కేంద్రపు పన్ను 1950 ఏప్రిలు 1న వచ్చెను. అంతకు ముందటి సంవత్సరపు ఆదాయముపై అది చెల్లదని రాజస్థానమున ఒకరు వ్యాజ్యము వేయగా, సుప్రీంకోర్టు పార్లమెంటునకు ఆ అధికారము కలదని తీర్పు చెప్పెను.

కావున ఈ పన్ను రాజ్యాంగసమ్మతమే. పొలమును సేద్యమునకుగాక కర్మాగారమునకు అద్దెకిచ్చినచో ఆ అద్దె సేద్యపుటాదాయము కాదని రైతులు గుర్తెఱుగవలెను. ప్రభుత్వమునకును హద్దు కలదు. శాసనాధికారము లేనిదే ఏ పన్నును విధింపరాదనియు, వసూలు చేయరాదనియు 265వ అధికరణము ఆదేశించుచున్నది. పన్ను కోరు అధికారిని “ఏ చట్టము ప్రకారము?” అని అడుగు హక్కు ప్రతి పౌరునకును కలదు.