పురుగు పేరు నుంచి మందు పేరుకు: పల్నాటి పెరటి ఆకుకూరల చీడలు – ఒక పరిశీలన

చీడలకు తెలుగులో ఉన్న పేర్లు చాలావరకు కంటితో చేసిన నిర్ణయాలు. ఒళ్లంతా నూగుతో కంబళిలా ఉన్నది గొంగళి పురుగు. పిండి చల్లినట్లు కాడను పట్టుకున్నది పిండినల్లి. పేనుబంక అన్న పేరులో ‘పేను’ కీటకాన్ని, ‘బంక’ అది ఆకుపై వదిలే జిగురును తెలుపుతాయి. ‘లద్దె పురుగు’లోని లద్దె అది వదిలే విసర్జనను గుర్తుచేస్తుంది. పేరు తెలిస్తే పురుగును పోల్చుకోవడం సగం తెలిసినట్లే. పల్నాటిలో ఈ పేర్ల స్థానాన్ని ‘మందు’ పేర్లు ఆక్రమించిన తీరు గమనించదగినది.

శ్రీనాథుని పేర వాడుకలో ఉన్న చాటువులు పల్నాటిని జొన్నకూటి సీమగా చూపాయి. ఆ మెట్టసీమ రూపాన్ని నాగార్జునసాగర్ మార్చింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. తరువాతి దశాబ్దాల్లో మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల్లో పత్తి, మిరప విస్తరించాయి. పెరటి ఆకుకూరల దృష్టితో చూస్తే ఇక్కడ ఒక విశేషం ఉంది. గోంగూర, బెండ, పత్తి మూడూ ఒకే వృక్షకుటుంబానికి చెందినవి. పత్తిని పట్టే తెల్లదోమ, పచ్చదోమ, పిండినల్లి గోంగూరనూ ఆశ్రయిస్తాయి. చేనికీ పెరటికీ మధ్య గట్టు ఉంటుంది గాని, పురుగుకు ఆ గట్టు లేదు.

1980ల ఆరంభంలో సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులు వచ్చాయి. వాటిని పదేపదే చల్లడంతో మిత్రకీటకాలు నశించాయి, తెల్లదోమ పెచ్చుమీరింది, శనగపచ్చ పురుగు మందులకు లొంగకుండా పోయింది. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు ఆ సంక్షోభానికి పరాకాష్ఠ. ఆనాటి పల్నాడు గుంటూరు జిల్లాలో భాగమే. ప్రత్యేక జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో.

ఈ చరిత్రకు భాషలోనూ సాక్ష్యముంది. తెలుగులో ఔషధమూ మందే, విషమూ మందే. రోగానికి వాడేదాని పేరే పురుగుపై చల్లేదానికీ అమరడం వల్ల ప్రమాదం మాటలో మరుగుపడింది. ఎండ్రిన్ అన్న మందు పేరు మాత్రం ఆత్మహత్యకు పర్యాయంగా జనవ్యవహారంలో నిలిచింది. ‘ఏ పురుగు పట్టింది?’ అన్న ప్రశ్న కన్నా ‘ఏ మందు కొట్టాలి?’ అన్నదే ముందుకు వచ్చింది. పత్తి విషయంలో ఇది ఖర్చుకు సంబంధించిన పొరపాటు. ఆకుకూర విషయంలో అలా కాదు, మందు పడిన ఆకే కంచంలోకి వస్తుంది. మోనోక్రోటోఫాస్ వంటి అంతర్వాహిక మందు మొక్క రసంలోకి చేరుతుంది కనుక కడిగినా పోదు. కూరగాయలపై దాని వాడకాన్ని కేంద్రం 2005లో నిషేధించింది.

గుర్తింపు తప్పితే ఏమవుతుందో తోటకూర చక్కగా చూపుతుంది. ఆకు అడుగున తెల్లని పొక్కులు కనిపిస్తే పిండినల్లి అనుకోవడం సులభం. అది తెల్లమచ్చ తెగులైతే ఏ పురుగుమందూ దానిని తాకదు. ఆ ఆకులు తుంచి దూరంగా పారవేయాలి. చీడ వేరు, తెగులు వేరు అన్న భేదం నిఘంటువుకు మాత్రమే సంబంధించినది కాదు. పొగాకు లద్దె పురుగు ఆకు అడుగున గుంపుగా గుడ్లు పెట్టి గోధుమరంగు నూగుతో కప్పుతుంది. పిల్లపురుగులు పచ్చదనాన్ని గోకి తినగా మిగిలిన ఆకును ‘జల్లెడాకు’ అంటారు. ఆ దశలో ఒక్క ఆకు తుంచితే వందల పురుగులు పోతాయి. ఎదిగిన తరువాత అవి పగలు మట్టిలో దాగి రాత్రి తింటాయి. పేనుబంకకు లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి చొప్పున రాత్రంతా నానబెట్టి వడకట్టిన కషాయం చాలు.

2016లో రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ద్వారా మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం వంటి పేర్లను ప్రచారంలోకి తెచ్చింది. ద్రవం మారినా పేరులో యుద్ధం మిగిలింది. వీటికన్నా ‘కషాయం’ అన్న పాత మాట పెరటికి దగ్గరగా ఉంది. పేనుబంకను తినే మిత్రకీటకానికి మాత్రం మంగళకరమైన పేరుంది, అక్షింతల పురుగు. అయితే దాని పిల్ల తల్లిని పోలదు. నల్లగా, ముళ్లతో, చిన్న మొసలిలా ఉంటుంది. ‘పిల్లపురుగు’ అనడమే తప్ప దానికి విడిగా పేరు ప్రచారంలో లేదు. పెరట్లో తరచుగా చీడ అనుకొని నలిపేసేది దానినే.