స్వలింగ వివాహాలపై న్యాయపోరాటం: సుప్రీంకోర్టు ఏం తేల్చింది, ఇక నిర్ణయం ఎవరిది?

వయోజనులైన ఇద్దరి మధ్య పరస్పర సమ్మతితో ఏర్పడే స్వలింగ సంబంధం మన దేశంలో నేరం కాదు. అయితే ఆ ఇద్దరి వివాహాన్ని నమోదు చేసే చట్టం ఇప్పటికీ లేదు. మొదటి అంశాన్ని 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రెండో అంశం 2023లో న్యాయస్థానం నుంచి చట్టసభల చేతికి వెళ్లింది.

హైదరాబాద్ నుంచి మొదలైన కేసు

ఈ వ్యాజ్యంలో ప్రధాన పిటిషనర్లు హైదరాబాద్‌లో నివసించే ఒక జంట. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద తమ పెళ్లిని గుర్తించాలని వారు కోరారు. వధూవరుల మతంతో నిమిత్తం లేకుండా పెళ్లిని నమోదు చేసే చట్టమిది. అయితే అందులోని 4వ సెక్షన్ పురుషుడికి 21, స్త్రీకి 18 ఏళ్ల కనీస వయసును నిర్దేశిస్తూ వివాహాన్ని స్త్రీపురుషుల మధ్య బంధంగానే పేర్కొంటోంది.

2022 నవంబరు 25న సుప్రీంకోర్టు కేంద్రానికి నోటీసు జారీచేసింది. హైకోర్టుల్లో ఉన్న ఇలాంటి పిటిషన్లన్నింటినీ 2023 జనవరిలో తనకు బదిలీ చేసుకుంది. అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఏప్రిల్ 18 నుంచి మే 11 వరకు వాదనలు విన్నది. వివాహ వ్యవస్థలో మార్పు పార్లమెంటు పరిధిలోని విషయమని కేంద్రం వాదించింది. రాష్ట్రాల అభిప్రాయం కోరగా రాజస్థాన్, అస్సాంతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా పిటిషన్లను వ్యతిరేకించింది.

తీర్పులో ఏముంది?

2023 అక్టోబరు 17న తీర్పు వెలువడింది. వివాహం ప్రాథమిక హక్కు కాదని, ప్రత్యేక వివాహ చట్టాన్ని న్యాయస్థానం తిరగరాయలేదని అయిదుగురూ ఏకీభవించారు. స్త్రీపురుష బంధంలో ఉన్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ప్రస్తుత చట్టాల కిందనే పెళ్లి చేసుకోవచ్చని కూడా ఏకగ్రీవంగా చెప్పారు.

భేదాభిప్రాయం వచ్చింది మిగతా అంశాలపైనే. స్వలింగ జంటల సహజీవనాన్ని ప్రభుత్వం గుర్తించాలని, వారికి దత్తత హక్కు ఉండాలని ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై.చంద్రచూడ్, జస్టిస్ ఎస్.కె.కౌల్ అభిప్రాయపడ్డారు. జస్టిస్ ఎస్.రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ పి.ఎస్.నరసింహ అందుకు అంగీకరించలేదు. 3-2 మెజారిటీతో వారి మాటే చెల్లింది. 2025 జనవరి 9న సమీక్షా పిటిషన్లను కూడా సుప్రీంకోర్టు కొట్టివేసింది.

ఆచరణలో దక్కినవి

స్వలింగ జంటలకు కల్పించదగిన సదుపాయాలను పరిశీలించేందుకు కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కేంద్రం 2024 ఏప్రిల్‌లో కమిటీని ఏర్పాటుచేసింది. రేషన్ కార్డు విషయంలో జంటను ఒకే కుటుంబంగా పరిగణించాలని రాష్ట్రాలకు సూచనలు వెళ్లాయి. బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి ఆంక్షలు లేవని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ స్పష్టంచేసింది. రక్తసంబంధీకులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామి భౌతికకాయాన్ని పొందవచ్చని ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది.

ఇవన్నీ పాలనాపరమైన సూచనలు. వీటిని మార్చడానికి చట్టసభ అనుమతి అక్కర్లేదు. వీలునామా రాయకుండా మరణించిన భాగస్వామి ఆస్తికి వారసత్వం, జంటగా దత్తత వంటివి ఇలాంటి సూచనలతో సిద్ధించవు.

నిర్ణయం ఎక్కడ?

వివాహం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉంది. కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు కూడా చట్టం చేయగలవు. అది కేంద్ర చట్టానికి విరుద్ధంగా ఉంటే రాష్ట్రపతి ఆమోదం తప్పనిసరి. తెలుగువారు గణనీయంగా నివసించే అండమాన్ నికోబార్ దీవుల పరిస్థితి వేరు. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి శాసనసభ లేదు. శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) సమీపంలోని గరాచర్మలో ఉండే జంటకు పార్లమెంటు చట్టమో, 240వ అధికరణం కింద రాష్ట్రపతి జారీచేసే నిబంధనలో మాత్రమే దారి. న్యాయస్థానానికి వెళ్లాలంటే కలకత్తా హైకోర్టు పరిధిలోకి వస్తారు.

ఆసియాలో తైవాన్ 2019లో చట్టసభ ద్వారానే స్వలింగ వివాహానికి గుర్తింపునిచ్చింది. థాయ్‌లాండ్‌లో ఇలాంటి చట్టం 2025 జనవరి 23న అమల్లోకి వచ్చింది. నేపాల్‌లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు దరిమిలా 2023 నవంబరులో తొలి వివాహం నమోదైంది. మన దేశంలో మాత్రం తీర్పు చూపిన మార్గం చట్టసభలదే.