త్వరిత నర్సింగ్ డిగ్రీ (అమెరికా)

త్వరిత నర్సింగ్ డిగ్రీ అనేది వేరే విషయంలో ఇప్పటికే పట్టా ఉన్నవారిని తక్కువ కాలంలో రిజిస్టర్డ్ నర్సులుగా తయారు చేయడానికి అమెరికాలో ఏర్పడిన బి.ఎస్‌.ఎన్. (బ్యాచిలర్ ఆఫ్ సైన్స్ ఇన్ నర్సింగ్) కోర్సు. మిస్సోరీలోని సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం 1971లో ఇటువంటి కోర్సును ప్రారంభించింది.

సాధారణ బి.ఎస్‌.ఎన్.కు నాలుగేళ్లు పడితే, దీనికి సుమారు 11 నుంచి 18 నెలలు చాలు. పాత డిగ్రీలోని సాధారణ పాఠ్యాంశాలను లెక్కలోకి తీసుకోవడం, సెలవులు దాదాపు లేకుండా బోధించడం ఇందుకు కారణాలు. ఆసుపత్రి శిక్షణ గంటలను మాత్రం కుదించరు; కోర్సు కాలంలో ఉద్యోగం చేయవద్దని చాలా కళాశాలలు సూచిస్తాయి. శరీర నిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం ముందే చదివి ఉండాలి. అందువల్ల ఫిజియోథెరపీ, ప్రయోగశాల రంగాల నుంచి వచ్చేవారికి ప్రవేశం కొంత సులువు. చివరకు నర్సు లైసెన్సు కోసం అందరూ రాయవలసింది ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్షే. రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ 2008లో ఈ విద్యార్థులకు 10,000 డాలర్ల ఉపకారవేతన పథకం ప్రారంభించింది.

భారతదేశంలోని రెండేళ్ల పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ దీనికి సమానం కాదు; అందులో జి.ఎన్.ఎం. (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) డిప్లొమా పూర్తిచేసిన నర్సులకే ప్రవేశం.